ఉపదేశిగారి విధేయత

యుద్ధం రోజుల్లో ఆళ్లగడ్డ దగ్గర మా పేట చర్చికి నంద్యాల నుంచి ఒక ఉపదేశిగారు వచ్చినాడు. ఏ మాట మాట్లాడినా వేలు పైకెత్తి, "దేవునికి లోబడాల" అని ముగించేవాడు. వేలు ఆకాశం చూపేది, పని మాత్రం మా నెత్తిన పడేది.

ఒక ఆదివారం ప్రసంగం మొదలయ్యేటప్పటికి నల్లమల మీద అకాలపు మబ్బు పట్టింది. మొగుడు పోయిన మా పక్కింటి వదిన జొన్నలన్నీ కళ్ళంలో ఆరబోసి ఉంది. ఏడాదంతా ఆ ఇంటికి అదే తిండి. ఆమె లేచి, "అయ్యగారూ, గింజలు తడిస్తే నా పిల్లోళ్ళు పస్తే. పోయి ఎత్తుకుంటా," అనింది.

వేలు లేచింది. "ఇది విశ్రాంతి దినమమ్మా. గింజలు పెద్దా, దేవుడు పెద్దా? కూచో, లోబడు."

వదిన కండ్లు తుడుచుకుంటా కూచుంది. ఇంతలో ఉరిమింది. ఉపదేశిగారికి మిద్దె మీద ఆరబెట్టిన తన మిరపకాయలు గుర్తొచ్చినాయి. "మీరు ప్రార్థన చేస్తాండండి," అని పంచె ఎగగట్టి పరిగెత్తినాడు.

"కాపరి ఉరుకుతాంటే మంద కూచోవచ్చునా? లేయండమ్మే!" అన్నాన్నేను. అందరం కళ్ళానికి పోయి, చినుకు పడకముందే జొన్నలన్నీ గోతాలకెత్తి మా కొట్టంలో చేర్చినాం. ఆ పొద్దు దేవునికి లోబడి చేసిన పని అదొక్కటేనని నా నమ్మకం. ఆయన మాత్రం మాది అవిధేయత అని నెలంతా ప్రసంగించినాడు.

కోతల పండగ నాడు వదిన దేవుని భాగమని గంపెడు జొన్నలు తెచ్చింది. ఉపదేశిగారు దీవించి, గంప ఇంట్లో పెట్టించుకున్నాడు. అవి ఏ రోజు ఎత్తిన జొన్నలని అడగలేదు.