తలుపు చాటున మొలిచిన మనిషి

ఆ రోజుల్లో భయపడటానికి నాకు ప్రత్యేకంగా కారణం అక్కర్లేదు. ఆ రోజులంటే మరీ పాతవనుకునేరు, కంప్యూటర్లు మనుషుల బొమ్మలు వాటంతటవే గీయడం మొదలుపెట్టిన కొత్త రోజులు, అంతే. ఫోన్ మోగితే భయం, మోగకపోతే ఇంకా భయం. డిగ్రీ పూర్తిచేసి ఇంట్లో గోళ్లు కొరుక్కుంటున్న నన్ను మా నాన్న (కృష్ణా జిల్లా నుంచి జహీరాబాద్ ఫ్యాక్టరీలో పనికి వచ్చి అక్కడే స్థిరపడిపోయిన మనిషి) మెయిన్ రోడ్డు మీది ఫోటో స్టూడియోలో కంప్యూటర్ పనికి పెట్టారు. దాని ఓనర్ని ఊరంతా ఫోటోమామ అనేవాళ్లు. పెళ్లి ఆల్బమ్‌లు, నాయకుల ఫ్లెక్సీలు ఎన్ని వచ్చినా, ఆయన ప్రాణం పెట్టి చేయించే పని ఒకటే: పోయినవాళ్ల పాత ఫోటోలు బాగుచేసి, పెద్దవి చేసి, ఫ్రేము కట్టి ఇవ్వడం. "పెండ్లి ఫోటో మంచిగ రాకుంటె మల్ల దిగొచ్చు బిడ్డా. సచ్చినోళ్లు మల్ల ఎట్ల దిగుతరు?" అనేవాడు. ఆ మాట విన్నాక ఆ పని ముట్టుకోవాలంటే నాకు చేతులు చల్లబడేవి.

ఆ స్టూడియోలో ఒక ఆచారం ఉండేది. పోయినవాళ్ల ఫోటో మిషన్లోంచి రాగానే బోర్లా తిప్పి, అలాగే ఫ్రేములో బిగించి, తెల్లగుడ్డ చుట్టేయాలి. ఆ ప్రింటు మనం చూడకూడదు. "మొదటి చూపు ఇంటోళ్లది" అని ఫోటోమామ శాసనం. గుడ్డ కూడా ఇంట్లో పీట మీద పెట్టాకే తీయాలి. వినడానికి ఎంత గౌరవంగా ఉందో చూడండి! నా కొంప ముంచింది సరిగ్గా ఆ గౌరవమే.

ఇక్కడ నేను చేసే పని కాస్త చెప్పాలి. బొమ్మలు గీసే ఆ సాఫ్ట్‌వేర్ మనలా ఖాళీ కాగితం మీద మొదలుపెట్టదు. ముందు తెర నిండా చుక్కలు చల్లుకుంటుంది, కేబుల్ పోయినప్పుడు టీవీలో గరగరలాడతాయే, అలాంటివి. వాటినే నాయిస్ అంటారు. ఆ చుక్కల్ని కొంచెం కొంచెంగా తుడుచుకుంటూ లోపల్నుంచి ముఖాన్ని బయటికి తీస్తుంది. ఆ చుక్కలు చాలవనిపిస్తే అదనంగా చల్లడానికి నాయిస్ జనరేటర్ అని ఒక యాడ్-ఆన్ ఉంటుంది. తక్కువ చల్లితే మనిషి మైనం పూసినట్టు నున్నగా వస్తాడు. తగినంత చల్లితే ముడతలు, గడ్డం మొలకలు, చర్మం మీద సన్నటి గీతలు, అన్నీ వచ్చి ప్రాణం పోసినట్టుంటుంది. అతిగా చల్లితే మాత్రం యంత్రానికి లేనివి కూడా కనపడటం మొదలవుతుంది (నాకూ చీకట్లో అంతే కాబట్టి ఈ సంగతి తేలిగ్గా అర్థమైంది). అందుకే చుక్కలు ఎక్కడ పడాలో ముందుగా తెర మీదే బ్రష్‌తో పూసి చూపించాలి. పూయడం మరిచిపోతే ఫోటో అంతటా పడతాయి.

ఒకరోజు ఝరాసంగం దిక్కు ఊరి నుంచి ఒక పటేల్ గారి పెద్దకొడుకు వచ్చాడు. మనిషి కంటే ముందు మీసం లోపలికి వచ్చింది. తండ్రి పోయి ఏడాది కావస్తోందట, సంవత్సరీకానికి ఫోటో కావాలట. ఆయనకున్నది ఒకే ఒక్క ఫోటో, అరచేతిలో పట్టేంతది. ఇంటి ముందు కుర్చీలో కూర్చున్నాడు పటేల్ గారు. వెనక సగం తెరిచిన తలుపు, తలుపు వెనక చీకటి. "మా అమ్మకు కండ్లు ఆనవు. పెద్దగ జెయ్యాలె. మొఖం మాత్రం మా నాయన మొఖం లెక్కనే ఉండాలె" అన్నాడు. లేకపోతే ఏమవుతుందో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు.

తెర మీద మొదటిసారి వచ్చిన పటేల్ గారు బట్టల దుకాణం బొమ్మలా నిగనిగలాడుతూ కూర్చున్నారు. ఆ మీసాలాయన దీన్ని చూస్తే ఏం చేస్తాడో తలుచుకుని, యాడ్-ఆన్ తెరిచి, చుక్కలు దండిగా పెంచేశాను. ఆ కంగారులో బ్రష్ పూయడం మరిచిపోయాను. ముఖం దగ్గరికి లాక్కుని చూస్తే అద్భుతం! నుదుటి గీతలు, కళ్ల కింద అలసట, ఇప్పుడో ఇంకాసేపటికో దగ్గుతాడేమో అన్నట్టుంది. మిగతా ఫోటో చూడలేదు. చూసినా కనిపించేది కాదు, కరెంటు ఆదా అవుతుందని ఫోటోమామ మానిటర్ వెలుతురు సగానికి తగ్గించి పెట్టేవాడు. ప్రింటు తీశాం, బోర్లా తిప్పాం, గుడ్డ చుట్టి పంపేశాం.

మర్నాడు మధ్యాహ్నం ఫోన్ మోగింది. మీసాలాయన.

"ఫోటోల ఆమె ఎవ్వరు?"

"ఏ ఆమె అండీ?"

"గది నువ్వే చెప్పాలె. మీ మామను తీస్కొని ఇప్పుడే బయలెల్లు."

ఫైలు తెరిచి, వెలుతురు పూర్తిగా పెంచాను. పటేల్ గారి భుజం వెనక, ఆ సగం తలుపు చాటున, తల మీద కొంగు కప్పుకుని, ద్వారబంధం మీద ఒక చెయ్యి ఆనించి, ఒక ఆడమనిషి నిలబడి ఉంది. ముక్కుపుడకతో సహా. నా వైపే చూస్తోంది! నేను వేసిన కేకకి ఫోటోమామ పరుగెత్తుకొచ్చి, ఒక్కసారి చూసి, కంప్యూటర్ని గోడ దగ్గర స్విచ్‌తోనే ఆపేశాడు.

"నువ్వు గీసినవా?"

"లేదు మామా."

"మరెవరు గీసిన్రు?"

"చుక్కలు" అన్నాను. ఆయన నా ముఖంలోకి, తర్వాత చచ్చిపడిన తెరలోకి చూసి, చెప్పులు వేసుకున్నాడు.

అసలు ఫోటోని కవర్లో పెట్టుకుని షేర్ ఆటో ఎక్కాం. "ఫికర్ జెయ్యకు బిడ్డా" అని ఒకసారి అంటాడు, "ఈ దిక్కు బాణామతి, చేతబడి అంటె మస్తు భయం. ఒకసారి అనుమానమొస్తె ఇడిసిపెట్టరు" అని మరోసారి అంటాడు. రెండు పక్కలా పత్తి చేలు వెనక్కి పోతుంటే, చక్కగా బ్యాంకు పరీక్షలకి చదువుకోమన్న మా అమ్మ మాట ఎందుకు వినలేదా అని కళ్లనీళ్లు పెట్టుకున్నాను.

ఇంటి నిండా చుట్టాలు. పీట మీద ఫోటో. దాని ముందు కూర్చున్న ఆడవాళ్లు మా అడుగుల చప్పుడికి గుసగుసలు ఆపారు గానీ, "బీదర్ దిక్కు ఆమెనట" అన్న చివరి ముక్క నా చెవిన పడనే పడింది. అప్పటిదాకా దెయ్యం భయమే ఉండేది, ఇప్పుడు అంతకంటే పెద్దది పట్టుకుంది. పోయిన మనిషి నోరెత్తి కాదనలేడు. నా చుక్కలు ఆయనకి సంవత్సరీకం పూటా ఒక ఉంపుడుగత్తెని అంటగట్టాయి.

"చెప్పు" అన్నాడు మీసాలాయన.

"అంటే... ముఖం బాగా రావాలని... చుక్కలు చల్లానండీ. కొంచెం ఎక్కువ చల్లాను."

"మా నాయన మీద ఏం చల్లినవ్?"

చుట్టాలంతా ఒక్కసారి వెనక్కి జరిగారు. ఫోటోమామ చూపు గేటు వైపు పోయింది. ఎంత వివరిస్తే అంత కూరుకుపోతున్నాను. "అది మంత్రం కాదండీ, సాఫ్ట్‌వేర్" అన్న మాట నా నోట్లోంచి వచ్చేసరికి నాకే అచ్చం మంత్రగత్తె చెప్పుకునే సంజాయిషీలా వినిపించింది. "అమ్మ సూడకముందె దీన్ని తీసి పడేద్దాం" అని ఆయన తమ్ముడు ఫోటో మీద చెయ్యి వేశాడు.

"ఎందుకు తీస్తున్నవ్‌రా? నేను జూడొద్దా?"

పటేలమ్మ. లోపలి గదిలోంచి గోడ పట్టుకుని నడిచొచ్చింది. ఎవరూ అడ్డుపడలేకపోయారు. ఫోటోకి ముక్కు తగిలేంత దగ్గరగా వంగి, ముందు భర్త ముఖం మీద చూపుడువేలు పెట్టి మెల్లగా నుదురంతా తడిమింది. తర్వాత ఆ వేలు భుజం దాటి, తలుపు దాకా పోయి, ఆగింది.

"గిది నేనేరా" అంది.

తమ్ముడి చెయ్యి ఫోటో మీదనుంచి జారింది.

"ఫోటో తీసెటాయన 'అమ్మను గూడ కూసోమనుండ్రి' అన్నడు. మా అత్త గుడ్లురిమింది. సిగ్గయి తలుపు సాటుకు పోయి నిలవడ్డ. గింత సక్కగ పడ్డననుకోలే!" అని నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఇందాకటి గుసగుసల ఆడవాళ్లే "అవునక్కా, నువ్వే! గదే ముక్కు!" అని మీద పడ్డారు. ఫోటోమామ వెంటనే ఛాతీ విరిచి, "పాత ఫోటోల దాగున్నదాన్ని గూడ బైటికి తీస్తది మా మిషను" అనేశాడు. కాదని చెప్పబోతున్న నా కాలు ఆయన మడమ కింద ఉంది.

అంతలో తంతు జరిపించడానికి వచ్చిన అయ్యగారు కొత్త చిక్కు తెచ్చారు. బతికున్న మనిషి ఉన్న ఫోటోకి దండ వేయకూడదట. "అమ్మ ఉన్న కాడికి కోసేస్తే?" అన్నాడు తమ్ముడు. "నన్ను కొయ్యకుండ్రి" అని పటేలమ్మ గదమాయించింది. చివరికి దండ చిన్న ఫోటోకి వేయాలని, పెద్దది ఆమె గదిలో దండ లేకుండా పెట్టాలని తేల్చారు. నా కవర్లోనే ఆ చిన్న అసలు ఫోటో ఉందని తెలిసి, పటేలమ్మ "ఇటు రా బిడ్డా, బొట్టు పెట్టుకుంటవు" అంటూ నన్ను లోపలికి తీసుకుపోయి తలుపు దగ్గరకి వేసింది.

"గా పొద్దు నేను ఇంట్లనే లేను" అంది మెల్లగా. "కోహీర్ల మా తల్లిగారింట్ల ఉన్న."

కవర్లోంచి చిన్న ఫోటో తీసి నా చేతిలో పెట్టింది.

"నా కండ్లు ఆనయి. అసలు ఫోటోల సూసి నిజం చెప్పు. గా తలుపు ఎనుక ఎవరన్న ఉన్నరా?"

నా మణికట్టు గట్టిగా పట్టుకుని కిటికీ వైపు లాగింది. పొద్దున్నుంచీ ప్రపంచంలోని భయమంతా నాదేననుకున్నాను. ఆమె మాత్రం అంతమంది ముందు నవ్వుతూ నిలబడి, భర్త పరువూ నా ప్రాణమూ కాపాడి, ఆ భయాన్ని ఒక్కతే లోపల దాచుకుని వచ్చింది. ఫోటోని కిటికీ దగ్గర ఎండలో పెట్టి, ఆ చిన్న తలుపులోకి కళ్లు నొప్పి పుట్టేదాకా చూశాను.

"ఎవరూ లేరమ్మగారూ. ఉత్త చీకటి. ఆమెని మిషనే పుట్టించింది."

"ఒట్టు?"

"ఒట్టండీ."

ఆమె మంచం మీద కూలబడింది. తర్వాత తలుపు అవతల పీట మీదున్న పెద్ద ఫోటో వైపు తల తిప్పింది. "ఎవ్వరు లేకుంటె గా జాగ ఖాళీనే గద" అంది. "అయితె నేనే ఉంట తియ్యి."

ఇప్పుడు నాకు సొంత స్టూడియో ఉంది. ఏ ఫోటో అయినా పంపే ముందు తలుపుల వెనక, కిటికీల వెనక, చెట్ల వెనక అంతా వెతుకుతుంటే మా వాళ్లు నవ్వుతారు, నేనూ నవ్వుతాను. ఒక్కటే అప్పుడప్పుడు తోస్తుంది. ఆ రోజు ఆ ఎండలో, ఆ చిన్న ఫోటోలో నిజంగానే ఎవరో కనిపించి ఉంటే, అన్నిటికీ గడగడలాడే ఆ పిల్ల ఏం చెప్పి ఉండేది? ఎవరూ లేరనే చెప్పి, ఒట్టు కూడా వేసి ఉండేది. ఎవరికో భయపడి మాత్రం కాదు.