జున్ను కూర్చున్న చోటు

ఏప్రిల్‌లో ఒక పొద్దున పదిన్నరకు రామగుండం స్టేషన్‌లో దిగాను. ఒక ఇనుప పెట్టె, ఒక బెడ్డింగు, గొలుసు చివర జున్ను. ఆ వేళకే ప్లాట్‌ఫారం బండలు కాలుతున్నాయి. జున్ను ఒక కాలు ఎత్తింది, అది దించి ఇంకో కాలు ఎత్తింది. నేను బెడ్డింగు విప్పి దుప్పటి పరిచాను. జీపు వచ్చేదాకా దాని మీదే నిలబడింది.

మా భద్రతా దళంలో నేను కుక్కను నడిపే జవానుని. జున్ను పని మందుగుండు వాసన పట్టడం. దొరికితే అది మొరగదు. అక్కడే కూర్చుంటుంది. కాగితాల్లో దాని పేరు జూనో. గోధుమరంగు లాబ్రడార్. ఆ పేరు నాకు నోరు తిరగలేదు. జున్ను అన్నాను, ఆ పిలుపుకే పలికింది.

మా పోస్టు గోదావరిఖని అవతల, ఓపెన్‌కాస్టు గని అంచున. బొగ్గు పేల్చే తూటాలు దాచే గోదాం ఒకటి. చుట్టూ ముళ్లకంచె, ఇసుక బస్తాలు పేర్చిన కాపలా మోర్చా, రేకుల బ్యారక్. ఒకవైపు గనిలోంచి తీసి పోసిన మట్టిగుట్టలు. ఇంకోవైపు లారీల రోడ్డు. రోడ్డు దాటితే చిన్న బస్తీ. మధ్యాహ్నం సైరన్ మోగేది. తర్వాత పేలుడు. మంచం కాళ్లు కదిలేవి. ఆపైన దుమ్ము. అది అన్నంలో పడేది, బిందెలో తేలేది, రైఫిల్ బోల్టులో చేరేది. అంతకుముందు మంచుకొండల మీద చేశాను. చలికి ఒక కాలమంటూ ఉంది. ఈ దుమ్ముకు లేదు.

బస్తీ వాళ్లకు మేమంటే పడేది కాదు. పడడానికి మేం చేసిన మంచి కూడా ఏమీ లేదు. వచ్చిన వారానికే గేటు ఎదురుగా ఉన్న పోశవ్వ చాయ్ కొట్టు తీసేయించాం. గేటు ముందు ఏదీ ఉండొద్దని హవల్దారు సాబు ఆర్డరు. గుంజలు పీకింది నేను. పోశవ్వ అరవై దాటిన మనిషి. భర్త బొగ్గుబాయిలో పని చేసి చనిపోయాడు. ఆమె ఏడవలేదు, బతిమాలలేదు. బొగ్గు పొయ్యిని రెండు చేతులతో ఎత్తుకొని రోడ్డు దాటుతూ ఒక్క మాట అంది.

"వీడు కుక్కను తోల్కపోతున్నడా, కుక్కే వీన్ని తోల్కపోతున్నదా?"

బస్తీ అంతా నవ్వింది. ఆ రోజు నుంచి అక్కడ నా పేరు కుక్కోడు.

మేలో జున్ను ఒళ్లు చెడింది. పొట్ట కింద, చంకల్లో ఎర్రటి పుండ్లు. కాలివేళ్ల సందుల్లో బొగ్గు గట్టిగా పేరుకుంది. ఎప్పుడు చూసినా గోక్కోవడమే. స్టోరులో ఇచ్చిన మందు సబ్బుతో రోజూ రుద్దాను. నీళ్లు నల్లగా పోయేవి, పుండ్లు ఇంకా ఎర్రబడేవి. పశువుల డాక్టరు సూది వేస్తే నాలుగు రోజులు నయం. మళ్లీ దుమ్ము, మళ్లీ అదే.

హవల్దారు సాబు విజయనగరం వైపు మనిషి. చెడ్డవాడని అనను. జాలి ఉన్నవాడనీ అనను.

"జూన్ తనిఖీకి దీని ఒళ్లు ఇలాగే ఉంటే అన్‌ఫిట్ రాసేస్తారు," అన్నాడు.

"రాస్తే ఏం చేస్తరు సార్?"

"నీకు ఇంకో కుక్కనిస్తారు."

"దీన్ని?"

"నేను నీ గురించి చెబుతున్నాను."

మర్నాడు రోడ్డు పక్క పంపు దగ్గర జున్నును కడుగుతున్నాను. అది కుయ్యోమంటోంది. పోశవ్వ బిందె పట్టుకొని వచ్చి నిలబడింది.

"ఓ కుక్కోడా. కడుగుతున్నవా, తోలు ఒలుస్తున్నవా?"

"నీకెందుకవ్వా."

"బొగ్గు మీద నీళ్లు పోస్తే బురదయితది. బురదను రుద్దితే తోలు లోపటికి పోతది. నా ముసలోడు ముప్పై ఏండ్లు షిఫ్టు దిగి ఇంటికొచ్చిండు. ఒక్కనాడన్న ముందుగాల నీళ్లు పోసిన్నా?"

"మరి ఏం పోసినవ్?"

"నూనె. నీకు చెప్తలేను. దానికి చెప్తున్న."

మర్నాడు పొద్దున డ్యూటీకి ముందు జున్నును ఆమె గడప దగ్గరికి తీసుకెళ్లాను. నాకు చాయ్ ఇవ్వలేదు, కూర్చోమనలేదు. జున్నును మాత్రం గడప ముందు కూర్చోబెట్టింది. దాని వీపు తన వైపు తిప్పుకుంది. వెనక నుంచి గడ్డం కింద చేయి పెట్టి తల పైకెత్తింది.

"ఎదురుంగ చెయ్యి వస్తే బెదురుతది. ఎనుకకెల్లి రుద్దాలె, చిన్న పిల్లకు తలంటినట్టు."

కొబ్బరినూనె వేలి కొసతో వేళ్ల సందుల్లోకి, చంకల్లోకి. కాసేపు ఆగడం. బొగ్గు నూనెలో పైకి తేలుతుంది, పాత చీర పీలికతో దాన్ని అద్ది తీయడం. సబ్బు బదులు మందారాకు నలిపిన జిగురు, అందులో పిడికెడు పెసరపిండి. చివర కాచి చల్లార్చిన వేపాకు నీళ్లు. నేను ఒకచోట గట్టిగా రుద్దాను. చాయ్ గంటెతో నా చేతి మీద ఒక్కటి వేసింది.

అందరూ చేసే పొరపాటే ఒకటి ఆమె కూడా చేసింది. దురద పోతుందని నూనెలో హారతి కర్పూరం కలిపింది. బాయి పని వాళ్ల ఇళ్లలో దురదకు అదే రాస్తారు. రెండు రోజులు నేనూ మెచ్చుకున్నాను. మూడోనాడు డ్రిల్లు. వరుసగా డబ్బాలు, ఒకదాంట్లో తూటా ముక్క. జున్ను దాన్ని దాటిపోయింది. మళ్లీ తిప్పాను. మళ్లీ దాటిపోయి తుమ్మింది.

నా భుజానికున్న రేడియో సెట్టు పలికింది. "గేటు, ఇది కంట్రోల్. కుక్క ఎలా ఉంది?"

"ఒళ్లు నయం సార్. ముక్కు పనిచేస్తలేదు."

"ముక్కు లేని కుక్క మనకెందుకయ్యా. ఓవర్."

నేరుగా పోశవ్వ దగ్గరికి పోయాను.

"నీ కర్పూరం దీని నోటికాడి బువ్వ తీస్తున్నదవ్వా. దీని కొలువే ముక్కు."

ఆమె తప్పయిందనే మనిషి కాదు. "గంత నాజూకు ముక్కని నువ్వు ముందుగాల చెప్పాలె గద," అని కర్పూరం డబ్బా తీసి దేవుని గూట్లో పెట్టేసింది. ఆనాటి నుంచి ఏ వాసనా లేని మందు. వేపాకు కూడా రెండు రెబ్బలే. అంతా అయ్యాక వంగి జున్ను వీపు మీద ముక్కు పెట్టేది. "ఏం వాసన కొడ్తలేదు. తీస్కపో."

జూన్ తనిఖీలో ఆఫీసరు వెంట్రుకలు విడదీసి చూశాడు. కొత్త బొచ్చు వచ్చింది. డబ్బాల వరుసలో జున్ను తడబడకుండా తూటా ముందు కూర్చుంది. ముక్కు డబ్బాకు ఆనించి, తోక కదపకుండా. ఫిట్ అన్నారు. ఆ మాట పోశవ్వకు చెప్పాను.

"అయితే నా కొట్టు మళ్ల గేటు కాడ పెట్టిస్తవా?"

నేను గొలుసు చేతికి చుట్టుకున్నాను.

"గందుకే అంటున్న, నీకు చెప్తలేనని. దానికి చెప్తున్న."

వానలు పడ్డాక ఒకరోజు గోదాంలో తూటాలు కొన్ని తక్కువ వచ్చాయి. సాయంత్రం నాలుగింటికి ఆర్డరు వచ్చింది. బస్తీ మొత్తం వెతకాలి.

"ఇల్లిల్లూ తిప్పు," అన్నాడు హవల్దారు సాబు. "ఎక్కడ కూర్చుంటే ఆ ఇల్లు తెరుస్తాం."

సన్నటి వాన. చీలమండల దాకా నల్ల బురద. జనం తలుపుల్లో నిలబడి చూస్తున్నారు. జున్ను అన్ని గడపలూ మూచూసి దాటింది. పోశవ్వ గడప ముందుకొచ్చి కూర్చుంది. వీపు ఇంటివైపు తిప్పింది. గడ్డం పైకెత్తింది. తోక బురదలో ఆడిస్తోంది.

"సార్, గిది డ్యూటీ కూర్చునుడు కాదు. తానం కోసం కూర్చున్నది. తూటా దొరికితే ముక్కు అటు ఉంటది, తోక కదలది. మీరే సూడుండ్రి."

"కుక్క కూర్చుందా లేదా?"

"కూర్చున్నది సార్. గని..."

సెట్టు నా భుజం మీంచి లాక్కొని ఆయనే చెప్పాడు. "కంట్రోల్, సెర్చ్ పార్టీ. కుక్క కూర్చుంది. ఇల్లు తెరుస్తున్నాం. ఓవర్."

తలుపు పోశవ్వే తెరిచింది. పక్కకు జరిగి గోడకు ఆనుకుంది. జవాన్లు పొయ్యి పెకలించారు. బియ్యం డ్రమ్ము బోర్లించారు. దేవుని గూడు దులిపితే కర్పూరం డబ్బా కింద పడింది. మర్నాటికని నానబెట్టిన మందారాకు గిన్నె బూటు తగిలి వాకిట్లో ఒలికింది. ఏమీ దొరకలేదు.

జున్ను లేవలేదు. ఇంట్లో ఆ చప్పుడంతా అవుతుంటే గడ్డం ఎత్తుకొని అలాగే ఉంది.

పోశవ్వ బయటికొచ్చింది. వంగి దాని గడ్డం కింద చేయి పెట్టబోయింది. ఆగింది. ఆ చేయి చీరకు తుడుచుకుంది.

"తీస్కపో," అంది.

తూటాలు మూడోనాడు దొరికాయి. పేలుడుకు తీసుకెళ్లే వ్యానులోనే, తడిసిన టార్పాలిన్ మడత కింద. ఆ సంగతి బస్తీలో చెప్పమని ఎవరూ ఆర్డరు ఇవ్వలేదు. నేనే పోయి పోశవ్వ తలుపు కొట్టాను. తలుపు తీయకుండానే అడిగింది.

"ఏంది?"

"తూటాలు దొరికినయవ్వా. మా వ్యాన్లనే ఉన్నయట."

"నా ఇంట్ల లేవని నాకు ముందుగాలనే ఎర్క. నువ్వు చెప్పొచ్చేదేంది?"

ఆ తర్వాత మందు నేనే చేసుకున్నాను. నూనె, ఆకు, పిండి, అన్నీ ఆమె చూపించినట్టే. జున్ను ఒళ్లు మళ్లీ చెడలేదు. కానీ రోజూ పొద్దున గొలుసు పట్టగానే నన్ను రోడ్డు దాటించేది. మూసిన తలుపు ముందు వీపు తిప్పి కూర్చునేది. లోపల గిన్నెల చప్పుడు వినిపించేది. నేను కాసేపు చూసి గొలుసు లాగేవాణ్ణి. పక్కింటివాళ్లు ఉమ్మేసి లోపలికి పోయేవారు.

చలికాలంలో నా సర్వీసు అయిపోయింది. జున్నును కొత్త జవానుకు అప్పగించాను. నూనె సీసా చేతికిచ్చాను, నూనె ముందు, నీళ్లు తర్వాత అని చెప్పాను, కర్పూరం ముట్టొద్దని చెప్పాను. గడప సంగతి చెప్పలేదు. అది దానికే తెలుసు.

ఇప్పుడు మా ఊళ్లో పిల్లలు యుద్ధం సంగతులు చెప్పమంటారు. నేను కుక్కకు నూనె రాసే పద్ధతి చెబుతాను. నవ్వుతారు. వాడకుక్కలకు నేను తానం చేయిస్తుంటే గిన్నె పట్టుకొని నిలబడతారు. ఆ కుక్కల్లో ఏదైనా గడ్డం పైకెత్తితే నా చేయి ఒక్క క్షణం ఆగుతుంది.

అప్పుడు, సర్వీసు అయిపోయి స్టేషన్‌కు జీపులో పోతూ, పోశవ్వ ఇంటివైపు చివరిసారి చూశాను. కొత్త జవాను గొలుసు లాగుతున్నాడు. తలుపు మూసే ఉంది. జున్ను దానికి వీపు పెట్టి కూర్చుంది. గడ్డం పైకెత్తి, తోక నేల మీద ఆడిస్తూ, వెనక నుంచి ఇప్పుడో అప్పుడో ఆ చేయి వస్తుందని.