శేషగిరి తిథి కోసం నాంపల్లికి

మా తమ్ముడు శేషగిరి హైదరాబాదులో పోయి సంవత్సరం కావస్తోంది. వాడు ఏ రోజున పోయాడో మాకు సరిగ్గా తెలియదన్న సంగతి మాత్రం ఈ దసరా సెలవులకు ముందే బయటపడింది. అది కనుక్కోవడానికి వెళ్ళానే గాని ఊరు చూడడానికి కాదు. కనుక నేను చూసింది తక్కువ. అయినా నాంపల్లిలో తక్కువ ఖర్చుతో దిగదలచినవారికి ఉపయోగపడవచ్చునని బస, భోజనం సంగతులు కూడా రాస్తున్నాను.

శేషగిరి ఒక మందుల కంపెనీకి ఏజెంటు. ఏడాదికి మూడు నాలుగుసార్లు హైదరాబాదు వెళ్ళి, నాంపల్లి స్టేషను దగ్గర ఒకే హోటల్లో దిగేవాడు. నిరుడు నవంబరు ఆఖరులో ఆ హోటలు మేనేజరు దగ్గరనుంచి ఒక కార్డు వచ్చింది. మీ తమ్ముడుగారు జ్వరంతో దవాఖానలో కాలం చేసిరి, మీ చిరునామా దొరకడం ఆలస్యమైనది, ఆఖరు పని మావాళ్ళే చేసిరి అని నాలుగు ముక్కలు. పైన '20 దై' అని తారీఖు ఉంది. దై అంటే నిజాం లెక్కలో నవంబరని మా ఊరి కరణంగారు చెప్పారు. నవంబరు ఇరవై కార్తీక బహుళ చతుర్దశి. ఆ తిథికే వాడి ఆరేళ్ళ కొడుకు చేత మాసికాలన్నీ పెట్టిస్తూ వచ్చాం.

మొన్న మా బడికి కొత్తగా వచ్చిన డ్రిల్లు మాస్టరు వరంగల్లులో పనిచేసినవాడు. మాటల్లో ఈ సంగతి విని, నిజాం నెలలు ఒకటో తారీఖున మొదలు కావనీ, నాలుగైదు రోజులు వెనక పడతాయనీ చెప్పాడు. ఆ లెక్కన చూస్తే తిథే కాదు, మాసం కూడా మారి మార్గశిరంలో పడుతోంది. ఇంటికి వచ్చి అమ్మకు చెప్పాను. చెప్పకుండా ఉండవలసింది. "రోజు తప్పితే వాడు వచ్చి వాకిట్లోంచి తిరిగిపోతాడురా" అంది. మేనేజరుకు రెండు ఉత్తరాలు రాశాను. జవాబు రాలేదు. సంవత్సరీకం దగ్గర పడుతోంది.

తెనాలిలో మధ్యాహ్నం రెండింటి బండి ఎక్కి బెజవాడలో మారాను. హైదరాబాదు బండి సాయంత్రం ఆరున్నరకు. మూడో తరగతిలో పడుకోవడానికి చోటు దొరకదు గాని, కిటికీ పక్కన కూర్చోవాలంటే అరగంట ముందు ఎక్కితే చాలు. యర్రుపాలెం దాటాక సుంకం వాళ్ళు ఎక్కి సామాను చూశారు. వాళ్ళను అక్కడ కరోడ్‌గిరి అంటారు. నా సంచీలో నిరుటి పంచాంగం చూసి, "పాతది ఎందుకు మోస్తున్నరు? కొత్తది కొనుక్కోరాదా?" అని ఒకాయన నవ్వాడు. ఎదుటి బల్ల మీద ఖమ్మం బట్టల వర్తకుడు యుద్ధం గురించి అడిగాడు. పేపర్లో చదివినది చెప్పాను. ఆయన తృప్తి పడలేదు.

మర్నాడు ఉదయం ఏడున్నరకు నాంపల్లిలో దిగాను. స్టేషను బయట ఝట్కావాళ్ళు చుట్టుముడతారు. హోటలుకు నడక ఐదు నిమిషాలే కనుక వాళ్ళ అవసరం లేదు. అబిడ్స్ వైపు వెళ్ళే రోడ్డు మీద ఎడమచేతి పక్క రెండంతస్తుల ఇల్లు. కింద భోజనశాల, పైన పద్నాలుగు గదులు. గదిలో నవారు మంచం, ఒక కుర్చీ, మేకులు కొట్టిన చెక్క. పరుపు మనమే తెచ్చుకోవాలి. గది కిరాయి రోజుకు పన్నెండు అణాలు, నిజాంవారి హాలీ డబ్బులో. గండిపేట నీళ్ళు పంపులో పొద్దున, సాయంత్రం వస్తాయి. నల్లులు ఉన్నాయి గాని మా జిల్లా సత్రాలలోకన్నా తక్కువ.

మేనేజరు యాభై దాటిన మనిషి. తెలుగువాడే, చదువు ఉర్దూలో. నేను తెనాలి అనగానే కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"కూసోండ్రి. మీ ఉత్తరాలు రెండు అందినయి. జవాబు ఏమని రాయాలె? ఆయన పోయిన తారీఖు నాకే తెల్వకపాయె."

"మీ కార్డు మీద ఇరవై దై అని ఉంది కదా?"

"గా తారీఖు కార్డు రాసిన నాటిదండి. కార్డు మీద ఎవరైన రాసిన దినమే ఏస్తరు గద."

నేనూ రోజూ ఉత్తరాలు రాసేవాణ్ణే. పైన ఆ రోజు తారీఖు వేసేవాణ్ణే. ఆ కార్డును ఏడాదిగా ఇంట్లో అందరం చదివాం. కరణంగారు చదివారు, పురోహితుడు చదివాడు. ఒక్కరికీ ఇది తట్టలేదు.

ఆయన పాత రిజిస్టరు తీయించాడు. అది ఉర్దూలో ఉంటుంది. వచ్చిన రోజుకు ఒక గడి, వెళ్ళిన రోజుకు ఒక గడి. వెళ్ళడాన్ని 'రవానా' అని రాస్తారు. శేషగిరి పేరు మీద వేలు పెట్టి చదివాడు. "పన్నెండు దై, రవానా."

"ఆ రోజు వాడు బతికే ఉన్నాడు కదా?"

"బతికే ఉండె. దవాఖానకు తీస్కపోయినం. రూములో లేనోన్ని రిజిస్టర్ల ఎట్ల ఉంచుతం చెప్పండ్రి?" అన్నాడు. నా ముఖం చూసి గొంతు తగ్గించాడు. "మల్లయ్య ఉన్నడు, నీళ్ళు కాగబెట్టేటాయన. ఆఖరుదాక ఆయనే ఉండె దగ్గర. పెత్రమాసకు, పెద్దలకు బియ్యమియ్యనీకె, ఊరికి పోయిండు. రేపు పొద్దుగాల వస్తడు. జర ఆగుండ్రి."

స్నానం చేసి పది గంటలకు దవాఖానకు వెళ్ళాను. అర్జీ పెట్టుకుంటే కాగితాలు వెదకడానికి వారం పది రోజులు పడుతుందని గుమాస్తా మర్యాదగానే చెప్పాడు. నాకు అన్ని రోజుల సెలవు లేదు. తిరిగి వచ్చి ఒంటిగంటకు భోజనం చేశాను. అన్నం, జొన్నరొట్టె, పప్పు, పచ్చిపులుసు, మజ్జిగ. పచ్చిపులుసు కాచరు. మొదటిరోజు రుచించదు. రెండోరోజు బాగానే ఉంటుంది.

మధ్యాహ్నమంతా చేయవలసిన పని లేదు. అబిడ్స్ దాకా నడిచాను. పెద్ద పెద్ద దుకాణాలు, అద్దాల వెనక సామాను, పెద్ద పోస్టాఫీసు. శేషగిరి ఉత్తరాలలో ఈ రోడ్డు గురించి చాలా రాసేవాడు. వాడు రాసినంత వెడల్పుగా లేదు. అక్కడినుంచి సుల్తాన్ బజారు వెళ్ళి పిల్లవాడికి ఒక చొక్కా గుడ్డ తీసుకుని, చీకటి పడకముందే వచ్చేశాను. వాడు పడుకున్న గది ఏదని మేనేజరును అడగాలనుకుని మానుకున్నాను. తెలిసినా చేసేది లేదు.

మర్నాడు ఆరు గంటలకు తలుపు తట్టి ఒక మనిషి వేడినీళ్ళ బకెట్టుతో వచ్చాడు. యాభై ఏళ్ళుంటాయి. తల మీద జుట్టు పొట్టిగా ఉంది.

"నీళ్ళు కాగినయి పంతులు, లేవండ్రి" అని, వెలుగులో నన్ను చూసి ఆగిపోయాడు. "మీరు శేషగిరి పంతులుకు అన్నా? మొకం గట్లనే ఉన్నది. ఆయనకు నెత్తిన జుట్టుండె, మీకు లేదు."

అన్ననే అన్నాను. బకెట్టు దించి గడప మీద కూర్చున్నాడు. నేను వచ్చిన పని చెప్పాను. అతను ఆలోచించలేదు.

"సోమారం. కార్తీకం ఆఖరు సోమారం. ఆనాడే అమాస పడ్డది. పొద్దు గూకకముందే పోయిండు."

"ఏడాదైంది కదా మల్లయ్యా. బాగా గుర్తుందా?"

"ఎట్ల మరుస్త పంతులు? నిప్పు పెట్టింది నేనే గద."

అతనే చెప్పుకుపోయాడు.

"తెల్లారి నలుగురం ఎత్తుకపోయినం, పురానాపూల్ కాడికి. గాడ నిప్పు ఎవరు పెడ్తరని అడిగిండ్రు. ఒకని దిక్కు ఒకడు చూస్తున్నరు. అయ్య బతికున్నోడు పెట్టొద్దాయె. వంటాయనకు అయ్య ఉన్నడు. మా మేనేజరుకు సుత ఉన్నడు, ఎనభై ఏండ్లు, బండరాయి లెక్క ఉన్నడు. నాకు ఎన్కా ముందు ఎవ్వరు లేరు. తే ఇటు అన్న."

"తరువాత?"

"తర్వాతేమున్నది, పెట్టినోడు చెయ్యాలె గద. మూడోనాడు పిట్టకు పెట్టిన. జల్దిన ముట్టింది. పదోనాడు గుండు చేయించుకున్న. మేనేజరు లొల్లి పెట్టిండు. గుండు చూసి వచ్చినోళ్ళు ఎవరు సచ్చిన్రని అడుగుతరు, టోపీ పెట్టుకో అని. పది దినాలు టోపీతోనే నీళ్ళు మోసిన." అతను నవ్వాడు. "మొన్న పెత్రమాసకు మా అయ్య పేరు మీద, మా అవ్వ పేరు మీద, ఆయన పేరు మీద బియ్యమిచ్చి వచ్చిన. కాకి ముద్ద పక్కన ఇంత చాయ సుత పెట్టిన. మా ఇంటామె ఒకటే నవ్వుడు, కాకి చాయ తాగుతదా అని. ఆయన దినాం నాలుగు కప్పులు తాగుతుండె, ఇరానీ హోటలుకు పోయి నేనే తెస్తుంటి. తాగక ఏం జేస్తది అన్న."

"తాగిందా?"

"ముక్కు పెట్టి చూసింది. సల్లారిందని ఇడిసిపెట్టింది కావచ్చు."

నాకూ నవ్వొచ్చింది. వాడు ఇంట్లో చల్లారిన కాఫీ ఎన్నడూ ముట్టుకోలేదు. హోటలు టీ తాగుతాడని మాత్రం మాకెవ్వరికీ తెలియదు.

అతను వెళ్ళాక పంచాంగం తీసి చూశాను. కార్తీక బహుళ అమావాస్య, సోమవారం. సందేహం లేదు. మేము పెట్టిన మాసికాలన్నీ ఒక్క రోజు ముందు పడ్డాయి. డ్రిల్లు మాస్టరు మాట నమ్మి మార్చి ఉంటే ఇంకా దూరం పోయేవాళ్ళం. ఈ విషయాలలో నాకు పెద్ద నమ్మకం లేదు. పుస్తకాలు చదివినకొద్దీ ఉన్నదీ తగ్గింది. అయినా ఆ పేజీ మూయడానికి కొంతసేపు పట్టింది.

హైదరాబాదునుంచి బెజవాడ బండి సాయంత్రం ఐదున్నరకు. వద్దన్నా మల్లయ్య నా పరుపుచుట్ట భుజాన వేసుకుని స్టేషనుకు వచ్చాడు. మూడో తరగతి పెట్టెలో సామాను సర్దాక చెప్పాను. ఇకమీదట ఇంటి దగ్గర పిల్లవాడు సరైన తిథికి చేస్తాడనీ, అతనికి ఆ భారం ఉండనక్కరలేదనీ.

"మీది మీరు చేసుకోండ్రి పంతులు. నాది నాకుంటది. నిప్పు పెట్టినంక ఇడిసిపెడ్తరా ఎవరన్న?" అన్నాడు. దిగి కిటికీ దగ్గరకు వచ్చాడు. "ఒకటి అడగాలె. బియ్యమిచ్చేటప్పుడు అయ్యగారు గోత్రం ఏందని అడిగిండు. నాకేం ఎరుక. నాదే చెప్పిన. తప్పాయెనా?"

"తప్పేమీ లేదు. మాది కౌండిన్యస గోత్రం."

అతను రెండుసార్లు అనబోయి తల ఊపాడు. "నాకు నోరు తిరుగుతలేదు. నాదే చెప్త."

"నీదే చెప్పు" అన్నాను.

బండి ఐదూ ముప్పై ఐదుకు కదిలింది. హైదరాబాదులో రెండు రోజులున్నాను. చార్మినారు చూడలేదు, గోలకొండ చూడలేదు. ఊరి గురించి అభిప్రాయం చెప్పే అర్హత నాకు లేదు. బస చవక, నీళ్ళు మంచివి, మనుషులు అడిగినదానికి జవాబు చెబుతారు. నిజాం రాజ్యంనుంచి వచ్చిన ఉత్తరం మీద తారీఖు చూసేవారు అది ఏ నెలదో తరువాత చూసుకోవచ్చు, దేని తారీఖో ముందు చూసుకోవాలి.

నన్ను తొలిచింది వేరే విషయం. తిథి చెప్పగానే అమ్మ అడిగే రెండో ప్రశ్న, నిప్పు ఎవరు పెట్టారని. చెబితే పురోహితుణ్ణి పిలిపించి ఏదో ప్రాయశ్చిత్తం చేయించమంటుందేమో. చెప్పకపోతే ఈ తిథి ఎవరి నోటినుంచి వచ్చిందో చెప్పడానికి వీల్లేదు. సికింద్రాబాదు దాటి చాలా దూరం దాకా ఇదే ఆలోచిస్తూ కూర్చున్నాను.

కాజీపేటలో ఎక్కబోయేవాళ్ళకు చోటు చేయడానికి నా పక్కకు జరిగినాయన బెజవాడలో టిక్కెట్టు గుమాస్తా. మాట కలిపి, ఏం పని మీద వెళ్ళారని అడిగాడు.

"మా తమ్ముడు నిరుడు అక్కడ పోయాడండి. తిథి తెలియక, కనుక్కుందామని వెళ్ళాను."

"అయ్యో. తెలిసిందా?"

"తెలిసింది."

"ఎవరు చెప్పారండీ, అంత పెద్ద ఊళ్ళో?"

"మా ఇంటివాళ్ళొకరున్నారు అక్కడ" అన్నాను.