నీళ్లలో తేలిన బంతులు

మొన్న ద్వారకలో మనవణ్ణి మాల్‌కి తీసుకెళ్తే, వాడు దూకి ఆడుతున్న బోలు ప్లాస్టిక్ బంతుల్లో నాలుగు నా కాళ్ల దగ్గరికి దొర్లి వచ్చాయి, నా చెవిలో పాత చెంపదెబ్బ ఒకటి మోగింది. ఆ దెబ్బ తిన్నది నేను కాదు, మా బావ.

డెబ్బైల చివరిలో ఆ బావ, అంటే అక్క మొగుడు, ఇక్కడికి దగ్గర్లోని ఫరీదాబాద్‌లో ఒక రసాయనాల ఫ్యాక్టరీలో ఫోర్‌మన్, నేను అక్కడే లాబ్‌లో కొత్తగా చేరినవాణ్ణి. యాసిడ్ పొగను నీళ్లతో కడిగే ఎత్తయిన టవర్ ఒకటి ఉండేది, పొగా నీళ్లూ బాగా కలవడానికి దాని లోపల పింగాణీ ఉంగరాలు నింపేవాళ్లు. అవి పగలకుండా ముందు టవర్ నిండా నీళ్లు పెట్టి, పైనుంచి జారవిడవడం మా ఆనవాయితీ. ఆ సంవత్సరం ఉంగరాల బదులు బోలు ప్లాస్టిక్ బంతులు వచ్చాయి. బావ అలవాటు కొద్దీ నీళ్లు నింపించి బస్తాలు గుమ్మరించాడు. బంతులు మునుగుతాయా మరి? అంచు దాటి కిందపడి, వడగాలికి ఆవరణంతా దొర్లి, గేటు బయట లారీల కింద పటపటా పగిలిపోయాయి. అందరం పడీపడీ నవ్వాం, బావతో సహా.

అప్పుడే యజమాని మేనల్లుడు వచ్చాడు, మీసాలు కూడా సరిగా రాని కుర్రవాడు. "అకల్ హై కి నహీ", బుద్ధుందా లేదా అంటూ తండ్రి వయసున్న బావను అందరి ముందూ చెంప మీద కొట్టాడు. రెండోసారి చెయ్యెత్తేలోపే కార్మికులు ఇనుప కడ్డీలతో మీదపడ్డారు. వాడి తల పగిలి చొక్కా రక్తంతో తడిసింది, అడ్డొచ్చిన కాపలావాళ్ల లాఠీలు లాక్కుని వాళ్ల వీపుల మీదే విరిచారు. నేనూ రెండు తగిలించాను, దానికి నాకు ఇప్పటికీ చింత లేదు. "ఛోడో భయ్యా, మర్ జాయేగా", వదలండి చచ్చిపోతాడు అని అరుస్తూ బావ ఆ కుర్రవాడి మీద అడ్డంగా పడిపోయాడు, కానీ దిగుతున్న కడ్డీ ఆగలేదు. ఆయన మోచెయ్యి విరిగిన చప్పుడు విన్నాను.

కుర్రవాడు బతికాడు, బావ ఉద్యోగం పోయింది. చెయ్యి వంకరగా అతుక్కుంది. అక్క ఆ కడ్డీతో కొట్టినవాణ్ణి తిట్టిపోసినప్పుడల్లా, "ఊరుకోవే, నాకోసం వచ్చినవాళ్లేగా" అనేవాడు.

ఇప్పుడు ఆఫీసుల్లో ఎవరూ ఎవరి మీదా చెయ్యి చేసుకోరు, మంచిదే. పోయినేడు మా అబ్బాయిని ఒక్క మెయిల్‌తో ఉద్యోగంలోంచి తీసేశారు. పక్క సీటువాళ్లు తలెత్తి చూడలేదట. వాడు ఇంటికొచ్చాడు, ఒంటి మీద ఒక్క గీత కూడా లేదు. చెయ్యి విరిగిన మా బావే అదృష్టవంతుడనిపించింది.