తిప్పి పెట్టిన కూలర్ గడ్డి

మా ఇంటి ఇనుప కూలర్‌ను నేను పదో తరగతిలో ఉన్నప్పుడు కొన్నారు. మా బోరు నీళ్ళ ఉప్పుకు వీధిలో మిగతావాళ్ళ కూలర్లు నాలుగేళ్ళకే తుప్పుపట్టి పోయాయి. మాది నిలిచిందంటే నాయన చలవే. ఏటా ఎండలు ముదరకముందే తొట్టిలో గట్టిపడిన ఉప్పు గీకి, లోపల రంగు వేసి, మూడు పక్కలా కొత్త గడ్డి పెట్టేవాడు.

పోయిన ఏడు ఆయనకు ఆయాసం మొదలై, ఆ పని నాకు అప్పగించాడు. తొట్టి గీకాను. గడ్డి కోసం అంగడికి వెళ్తే అక్కడ బల్ల మీద నలుగురు మగవాళ్ళు కూర్చుని ఉన్నారు. ఏం కావాలో చెప్పలేక నిలబడిపోయాను.

"ఏమ్మా, నోట్లో బెల్లంగడ్డ పెట్టుకోనుండావా?" అన్నాడు ఒకడు. అందరూ నవ్వారు.

వట్టి చేతులతో ఇంటికి వచ్చి, పాత గడ్డినే దులిపి, ఉప్పు పేరుకున్న వైపు లోపలికి తిప్పి బిగించాను. కొత్తది పెట్టానని నాయనతో చెప్పాను. ఆ రోజు డైరీలోనూ అదే రాశాను. ఎవరూ చదవని డైరీకి కూడా నిజం చెప్పడానికి సిగ్గేసింది.

రెండు వారాలకు గదంతా ముక్కిపోయిన వాసన. నాయనకు దగ్గు ఎక్కువైంది. "దుమ్ము కాలం గదా" అన్నాడు. నేను అవునన్నాను.

చివరికి గాలి రావడమే తగ్గిపోతే మెకానిక్‌ను పిలిచాడు. అతను కూలర్‌ను కిటికీలోంచి దించి, పక్క రేకు ఊడదీసి, గడ్డిని వేళ్ళతో నలిపాడు.

"ఏమన్నా, ఏ కాలం గడ్డి ఇది? నువ్వు పీల్చేది గాలి కాదన్నా, బూజు. దగ్గు రాక ఏమొస్తాది?"

నేను తలుపు చాటున ఉన్నాను. నాయన గడ్డి వైపు చూశాడు. తర్వాత నా వైపు.

"నేనేలేప్పా. ఇంకో ఏడు వస్తాదిలే అని తిప్పి పెట్టినా."

"ఇన్నేండ్లు బిడ్డ మాదిరి సాకి, ఇప్పుడు ఈ పిసినారితనమేందన్నా! పోయి కొత్త గడ్డి తేపో. అంతలోపల మోటరు చూస్తా."

నేను తెస్తానన్న మాట గొంతు దాకా వచ్చింది. బల్ల మీది మగవాళ్ళు గుర్తొచ్చారు. నాయన చెప్పులు వేసుకుని ఎండలోకి దిగాడు. నాలుగు అడుగులకొకసారి గోడ పట్టుకుని ఆగుతూ వీధి మలుపు దాకా వెళ్ళాడు. కూలర్ తీసిన కిటికీలోంచి అంతా చూశాను. పిలవలేదు.