తెరచాప అవతలి నుంచి వచ్చిన జవాబు

దెయ్యాలంటే నాకు ఏనాడూ నమ్మకం లేదు. మా ఇంట్లో ప్రార్థనే గానీ తాయెత్తులు ఎరగం. ఇది రాస్తున్నది ఎవర్నీ భయపెట్టడానికి కాదు. ఏసుబాబు మీద నేను వేసిన నింద తీసెయ్యడానికి.

రాజోలు వైపు ఒక లంకలో, పడవల రేవు దగ్గర పర్యాటకులకు ఏర్పాట్లు చూసేవాణ్ణి. తెరచాప పడవలో లైట్‌హౌస్, మడ అడవి చూపించి, గోదావరి సముద్రంలో కలిసేచోట ఇసుక తిన్నె మీద భోజనం పెట్టించేవాళ్లం. పడవ నడిపే సరంగు ఏసుబాబు. వంట వాళ్లక్క మేరమ్మగారిది.

ఆరోజు హైదరాబాద్ నుంచి ఆరుగురు వచ్చారు. మేరమ్మగారి మాట వాళ్లకు వేడుకైపోయింది.

“ప్రతిదానికీ ఆయ్ అంటారేంటి ఆంటీ?” అంది ఒకమ్మాయి.

“అవునండి అనాలంటే నోరు నొప్పెట్టేస్తదండి. ఆయ్!” అందావిడ. అందరూ ఒకటే నవ్వు.

మూడు దాటింది. సముద్రం పోటు మొదలైతే ఆ తిన్నె నీళ్లలో మునిగిపోతుంది. గిన్నెలన్నీ పడవ ముందు భాగంలో సర్దేశారు. ఆవిడ కూర్చునేదీ అక్కడే. తెరచాప ఎత్తాక వెనకున్న మాకు ఆ చోటు కనబడదు. అందరూ ఎక్కారో లేదో చూడ్డం నా పని. ఆరుగురూ నా ఎదురుగానే ఉన్నారు. ముందుకెళ్లి చూడ్డానికి బద్ధకించి, “మేరమ్మగారూ, ఎక్కేరా?” అని కేకేశాను.

“ఆయ్” అని వినబడింది. ఆవిడ గొంతే.

“అక్క ఎక్కేసిందాండి?” అని చుక్కాని దగ్గర్నుంచి ఏసుబాబు అడిగాడు. ఎక్కిందన్నాను.

రేవులో తెరచాప దించితే అక్కడ గిన్నెలే ఉన్నాయి. ఇంజను బోటులో వెనక్కి పరుగెత్తాం. తిన్నె ఉన్నచోట నీళ్లు. మూడోరోజున శవం దొరికింది.

సరంగు చూసుకోలేదని పోలీసులకు చెప్పాను. “సారే ఎక్కిందన్నారండి” అని ఏసుబాబు మొత్తుకున్నా ఎవరూ వినలేదు. తోడబుట్టినదాన్ని నీళ్లలో వదిలేసి వచ్చాడన్నారు. మేరమ్మగారి పిల్లలు అతన్ని సమాధి దగ్గరికి కూడా రానివ్వలేదు. మళ్లీ అతను పడవ ఎక్కలేదు.

మొన్న అతని ఇంటికి వెళ్లి, నిజం అందరికీ చెబుతానన్నాను. తల ఎత్తలేదు.

“ఇప్పుడెవరికి చెప్తారండి? మా అక్కకి చెప్తారా?” అన్నాడు.

ఎక్కిందన్నది నేనే. ఏసుబాబు తప్పు ఏమీ లేదు.

ఆ జవాబు ఎవరిదో మాత్రం ఇప్పటికీ తెలియదు. వెక్కిరించారనుకుందామంటే ఆరుగురూ నా వైపే తిరిగి ఉన్నారు, ఒక్కరి నోరూ మెదల్లేదు. ఆవిడ తిన్నె అవతలకి కాళ్లు కడుక్కోవడానికి వెళ్లి ఉండాలి, అక్కణ్నుంచి పలికితే పడవలోకి వినబడదు. తర్వాత పోటు తీసినప్పుడు వెళ్లి, కేక వేయించి చూశాను. పోనీ దెయ్యమనుకుందామన్నా, అప్పటికి ఆవిడ బతికే ఉంది. తిన్నె ఎక్కి వచ్చేసరికి వెళ్లిపోతున్న మా తెరచాప కనబడే ఉంటుంది. పిలిచే ఉంటుంది.

ఆ పిలుపు మాలో ఒక్కరికీ వినబడలేదు.