బండ మీద నిలబెట్టిన ఎర్త్ రాడ్

ఆ సూపర్‌వైజర్‌ను తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. పోనియ్యి, వదిలెయ్యమని ఊళ్లో పెద్దమనుషులు చెప్పి చూశారు. చెయ్యి పోయింది వాళ్లది కాదు, మా బావది.

తెలంగాణ వచ్చిన కొత్తలో కొత్తకోట దగ్గర పెద్ద కరెంటు టవర్ల లైను వేస్తుంటే నేనూ, మా అక్క మొగుడూ పనికి కుదిరాం. బావ టవర్ ఎక్కేవాడు, నేను కింద ఉండేవాణ్ణి. మేం లాగే తీగలకు ఇంకా కరెంటు ఇవ్వలేదు. కానీ పక్కనే పాత లైను నడుస్తోంది. దాని వల్ల మా తీగల్లోనూ కరెంటు పుడుతుంది. అందుకని ముందుగా తీగకు ఒక వైరు తగిలించి, దాని రెండో కొసను భూమిలోకి దిగ్గొట్టిన ఇనుప రాడ్‌కు బిగించాలి. ఆ కరెంటును భూమిలోకి పంపే దాన్నే ఎర్త్ అంటాం. ఆ రాడ్ దిగ్గొట్టే పని నాది.

మా వైపు నేల ఎట్లాంటిదంటే, జానెడు ఎర్రమట్టి, కింద బండ. సమ్మెట విరిగినా రాడ్ దిగదు. బండ తొలిచే మిషన్ తెప్పించమంటే ఆ సూపర్‌వైజర్ మహానుభావుడు మాకు కొత్త తెలివి నేర్పాడు. రాడ్ నిలబెట్టు, చుట్టూ రాళ్లు పేర్చు, పైన మట్టి కప్పు, ఫోటో తియ్యి. ఫోటో ఆఫీసు వాట్సాప్‌లో పడితే ఎర్త్ అయిపోయినట్టే!

పాత లైనుకు దూరంగా ఉన్న టవర్ల దగ్గర అట్లాగే చేశాం. ఎవరికీ ఏమీ కాలేదు. దాంతో మాకూ ధీమా వచ్చింది. థూ, ఏం ధీమా!

ఆ రోజు టవర్ పాత లైనుకు బాగా దగ్గర. రాళ్లు పేర్చి ఫోటో తీశాక నాకు మనసొప్పలేదు.

"సార్, రాడ్ బండ మీదనే నిలబడ్డది, భూమిలకు పోలే. మిషన్ వచ్చేదాంక పని ఆపుదాం" అన్నాను.

"నువ్వేమన్న ఇంజనీర్‌వా? ఫోటో పోయింది. నోరు మూస్కొని పని చూడు" అన్నాడు, కుర్చీలోంచి లేవకుండానే.

నేను పైకి చూసి అరిచాను. "బావా, తీగ ముట్టకు! దిగు!"

"గింత ఎండల దిగి మల్ల ఎక్కాల్నారా? ఒక్క బోల్టే ఉంది, ఆగు!" అంటూనే బావ తీగ మీద చెయ్యి వేశాడు.

ఒక్క కేక. తర్వాత బెల్టుకు వేలాడుతూ కనిపించాడు. నలుగురం తాడు కట్టి ఎట్లాగో దింపాం.

మహబూబ్‌నగర్ దవాఖానలో కుడిచెయ్యి మోచేతి దాకా తీసేశారు. వార్డు బయట సూపర్‌వైజర్ నా భుజం తట్టి, "మీ బావ గ్లౌజులు ఏసుకోలేదని చెప్పు. గట్లయితెనే నీ నౌకరి ఉంటది" అన్నాడు. కాలర్ పట్టుకున్నాను. జనం వచ్చి విడిపిస్తే గానీ వదల్లేదు. అప్పుడే రెండు తగిలించనందుకు నాకు ఇప్పటికీ కడుపుమంట.

బావను ఇంటికి తెచ్చాక ఇదంతా అక్కకు గొప్పగా చెప్పుకున్నాను. బావకు అన్నం కలిపి ముద్దలు పెడుతూ ఆమె మొత్తం విన్నది.

"వాని కాలర్ పట్టినవ్, మంచిగనే చేసినవ్. మరి రాళ్లు పేర్చిందెవలు?"

"నేనే అక్కా."

"పొయ్యి కాడ అన్నం ఉంది. తిని పో. మల్ల ఈ ఇంటికి రాకు" అంది, నా వైపు చూడకుండా.

బావ నోరు తెరిచి తర్వాతి ముద్ద అందుకున్నాడు.